కస్మిని పిన్ని ఛాతీలో మూడు గీతలు

మా అమ్మ చెల్లెలు కస్మిని మునగాకు తినదు. జావాలో మా తులుంగాగుంగ్ వైపు ఆడవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, మిగతాదంతా వాళ్ళే అల్లేసుకుంటారు. మునగాకు తినదు. పుల్లకి గుచ్చి కాల్చిన మాంసాన్ని పుల్ల మీద నుంచి కొరకదు, పళ్ళెంలోకి లాగించుకుని తింటుంది. తడి బట్టలు ఆరేసిన తాడు కింద నుంచి నడవదు, చుట్టూ తిరిగి వెళుతుంది. పైగా వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి రాత్రంతా ఆడిపాడే తాయుబ్ మేళంలో పాటగత్తె. ఒంట్లో సూదులున్నాయని ఊరు ఏనాడో తేల్చేసింది.

సూదులంటే మంత్రగాడు చర్మం కింద దూర్చే వెంట్రుకంత బంగారు ముక్కలు. అవి ఉన్న మనిషి మొహం వెలుగుతుందనీ, గొంతు తియ్యనవుతుందనీ, ఒకసారి చూసినవాడు చూపు తిప్పుకోలేడనీ అంటారు. మునగాకు తిన్నా, మాంసం పుల్ల మీద నుంచి కొరికినా, తడి బట్టల కింద నడిచినా వాటి బలం పోతుందట. మసీదులో పెద్దాయన అది పాపమని చెబుతాడు. ఆయన ప్రసంగం విని బయటికొచ్చిన వాళ్ళే మేళం వచ్చినప్పుడు పాటగత్తె మొహంలోకి తొంగిచూసి, ఎక్కడ పెట్టించుకుందో వెతుకుతారు.

పిన్ని దేన్నీ ఒప్పుకోలేదు. "మునగాకు నాకు పడదు, కడుపులో తిప్పుతుంది" అనేది. అంతే.

మేళం మానేశాక బస్టాండు పక్కన పెచెల్ కొట్టు పెట్టింది. ఉడికించిన ఆకుకూరలు, చిక్కుళ్ళు, పైన వేరుశనగ పచ్చడి, పక్కన అప్పడం. తెల్లారేసరికే బెంచీలు నిండిపోయేవి. డ్రైవర్లు బస్సు ఇంజను ఆపకుండా దిగి తినిపోయేవాళ్ళు. పక్క కొట్టామెకి కడుపు మండిపోయేది.

"పచ్చడికి కాదమ్మా ఆ జనం, ఆ మొహానికి" అనేది అందరికీ వినబడేలా.

పిన్ని రోలు దగ్గర నుంచి లేవకుండానే జవాబిచ్చేది. "అయితే నీ మొహం కూడా నూరి పెట్టు వదినా, ఎంతమంది తింటారో చూద్దాం."

తర్వాత బస్టాండుని ఊరి బయటికి మార్చారు. పాతచోట కుక్కలు మిగిలాయి. చిన్నాన్న జుమారి పాలరాతి మిల్లులో రాయి కోసేవాడు. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ, నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడే స్థితికి వచ్చాడు. మిల్లు వాళ్ళు ఇక రావద్దన్నారు. ఇంట్లో పని చేయగలిగిన మనిషి పిన్ని ఒక్కతే మిగిలింది. తైవాన్‌లో మంచం పట్టిన ముసలాయన్ని చూసుకునే పని ఉందని ఏజెంటు మిస్దీ చెప్పాడు. ఆ ఇంటివాళ్ళు ఫొటో చూసి సరే అన్నారు కూడా. ఇక మెడికల్లో ఫిట్ అని రావాలి. ఈసారి తప్పితే మళ్ళీ ఉండదు. వచ్చే పుట్టినరోజుకి పిన్నికి నలభై అయిదు దాటుతుంది. ఆ వయసు దాటినవాళ్ళ పేర్లు మిస్దీ తీసుకోడు.

నేను మిస్దీ దగ్గరే వ్యాన్ నడుపుతాను. మా జిల్లా నుంచి సురబాయాలోని క్లినిక్‌కి మనుషుల్ని తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. ఎంతమందిని మోశానో లెక్క లేదు. సంతలో మేకని కొనేవాడు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, వీపు నొక్కి చూస్తాడు. ఇక్కడ మేక తనే పొద్దున ఏమీ తినకుండా వచ్చి వరసలో నిలబడి నోరు తెరుస్తుంది, తేడా అంతే. రక్తం, ఉచ్చ, మలం అన్నీ ఇవ్వాలి. కడుపులో పురుగులున్నాయా, కడుపుతో ఉన్నారా, కుష్ఠు మచ్చలున్నాయా, క్షయ ఉందా అని చూస్తారు. చూడొద్దని నేననను. ముసలివాళ్ళ పక్కన, పసిపిల్లల పక్కన పడుకోవాల్సిన వాళ్ళు, చూసుకోవాల్సిందే. కానీ మిల్లులో అన్నేళ్ళు దుమ్ము మింగిన చిన్నాన్న ఛాతీకి ఒక్కసారైనా ఎవరూ ఎక్స్-రే తీయలేదు. మా దగ్గర ఊపిరితిత్తులకి విలువ వచ్చేది దేశం దాటేటప్పుడే.

మెడికల్‌కి కొద్ది రోజుల ముందు పిన్ని మా పెరట్లోకి వచ్చి కంచెగా ఉన్న మునగ కొమ్మలు నరకడం మొదలుపెట్టింది. మా అమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమే, మునగాకు పడదన్నావుగా?"

"ఇప్పుడు పడుతోంది."

"కడుపులో తిప్పదా?"

"తిప్పితే తిప్పనీ. నీ చెట్టు నీకు అంత ముద్దయితే చెప్పు, ఇంకో ఇంటికి పోతా."

ఆ ఆకు నీళ్ళలో వేసి కాచి పోసుకుంది. పులుసు పెట్టుకుని తింది. పొద్దునా సాయంత్రం అదే. శవాన్ని కడిగేటప్పుడు మునగ రెమ్మతో నీళ్ళు చిలకరిస్తే ఒంట్లో ఏ మంత్రమున్నా దిగిపోతుందని మావాళ్ళ నమ్మకం. బతికుండగానే పిన్ని ఆ పని తనకి తాను చేసుకుంది. బంగారం కరిగి బయటికి పోయిందని గట్టిగా నమ్మింది. అందుకే క్లినిక్‌లో నర్సు, "ఒంట్లో లోహం ఏమైనా ఉందా? ఆపరేషన్లూ, రాడ్లూ?" అని అడిగితే, "ఏమీ లేవమ్మా" అని ధీమాగా చెప్పింది.

ఎక్స్-రే గది తలుపు సరిగ్గా మూసుకోదు. లోపల కుర్రాడు గట్టిగా అంటున్నాడు.

"అమ్మా, పిన్నులు, గొలుసులు అన్నీ తీసెయ్యమన్నానా లేదా?"

"తీసేశా నాయనా."

"మరి ఇవేంటి? లోపలి బాడీకి హుక్కులున్నాయా?"

"బాడీ కూడా తీసేశా. ఒంటి మీద నీ గౌనే ఉంది."

"గౌను విప్పి దులిపి మళ్ళీ వేసుకోండి. నేను బయటికెళ్తా."

మళ్ళీ తీశాడు. ఫిల్ములో మళ్ళీ అవే వచ్చాయి. అతను గౌను మార్చి ఇంకోటి ఇచ్చాడు. బయట వరసలో ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. బ్లితార్ నుంచి వచ్చిన తర్వియా అనే అమ్మాయి నోరు ఊరుకోదు.

"ఏం అత్తా, బంగారం దాచి పట్టుకుపోతున్నావా ఏంటి?"

పిన్ని నవ్వలేదు. ఆ కొత్త గౌను వేసుకుని మళ్ళీ మిషను ముందు నిలబడింది.

డాక్టరు విదారి చిన్న వయసావిడ. పిన్నిని లోపలికి పిలిచి, వెంట ఎవరైనా ఉంటే రమ్మంది. నేను వెళ్ళాను. గోడకి ఉన్న లైటు పెట్టె మీద పిన్ని ఛాతీ కనబడుతోంది. పక్కటెముకలు, నడుమ గుండె నీడ, ఎడమ భుజం ఎముక కింద మూడు తెల్లటి గీతలు. వడ్లగింజ మీసమంత సన్నం. ఒంట్లో ఇంకేదీ అంత తెల్లగా లేదు.

పిన్ని వాటినే చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్ళు మోసి, మొదటిసారి చూస్తోంది.

"ఇవేంటో మీకు తెలుసా అమ్మా?"

"తెలీదు."

"చూడండి, మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె బాగుంది. ఇవేంటో నేను ఊహించగలను, నేనూ జావాలోనే పుట్టాను. కానీ ఊహని నివేదికలో రాయలేను. ఈ మూడోది సరిగ్గా ఊపిరితిత్తి పై కొస మీద పడింది. అక్కడ ఏం కనబడినా అవతలి వాళ్ళు ముందు క్షయేమో అనుకుంటారు. ఏం వస్తువో, ఎలా వచ్చిందో మీరు మీ నోటితో చెప్పి సంతకం పెట్టండి. పక్కకి తిప్పి ఇంకో ఫిల్ము తీసి, చర్మం కిందే ఉన్నాయని రాస్తాను. ఫిట్ ఇచ్చేస్తాను."

"నాకు తెలీదమ్మా."

డాక్టరు ఫైలు మూసింది. కోప్పడలేదు. "అయితే ఆపి ఉంచుతాను. నెలాఖరు దాకా ఆపగలను. ఆ తర్వాత అన్‌ఫిట్ అనే వెళ్ళిపోతుంది. ఆలోచించుకోండి."

తిరుగు ప్రయాణంలో మిస్దీ ముందు సీట్లో కూర్చుని లవంగం సిగరెట్టు కాలుస్తూ ఒక ఉపాయం చెప్పాడు.

"దీనికింత దిగులెందుకు కస్మినీ? నీ పేరు మీద ఇంకో అమ్మాయిని పంపుతా. ఎక్స్-రే గదిలో మొహం ఎవడు చూస్తాడు?"

"ఆ పిల్ల ఊపిరితిత్తులు పట్టుకుని నేను విమానం ఎక్కాలా?"

"ఎక్కితే చాలు కదా."

"దిగిన మూడు రోజుల్లో అక్కడా తీస్తారటగా. అప్పుడు కూడా ఆ పిల్లనే పంపుతావా, నన్ను తిప్పి పంపేదాకా ఆగుతావా?"

మిస్దీ కిటికీలోంచి బూడిద దులిపాడు. "నీతో పడలేమమ్మా" అని కళ్ళు మూసుకున్నాడు.

అతను దిగిపోయాక పిన్ని వెనక నుంచి, "ఒరే, బండి కొండ వైపు తిప్పు. కర్సో తాత ఇంటికి" అంది.

కర్సో తాత మా చిన్నతనంలో పేరున్న మంత్రగాడు. తీరా వెళితే తాత పోయి చాలా ఏళ్ళయిందట. వాకిట్లో ఒకప్పుడు జనం కూర్చునే చోట సిమెంటు తొట్లు కట్టి ఉన్నాయి. వాటినిండా బంగారు చేపలు, ఉబ్బిన కళ్ళతో, తోకలు ఊపుకుంటూ. తాత కొడుకు రిదువాన్ లుంగీ ఎగగట్టి తొట్టి కడుగుతున్నాడు.

"నాన్న విద్య నాన్నతోనే పోయింది పిన్నీ. నేను చేపలు పెంచుకుంటున్నా. వీటికి మంత్రం అక్కర్లేదు, నీళ్ళు మారిస్తే చాలు."

పిన్ని తొట్టి గట్టు మీద కూర్చుంది. "మా చుట్టాలావిడ ఒకామె ఉంది. మీ నాన్న చేత పెట్టించుకుంది."

"ఆహా. చుట్టాలావిడ."

"తీయించుకోవాలని చూస్తోంది. మునగాకుతో స్నానం చేసింది, తిన్నది. పోలేదు."

"పోలేదని ఆవిడకెలా తెలిసింది?"

"ఫొటో తీశారు."

రిదువాన్ నవ్వు ఆపుకోడానికి తొట్టిలోకి వంగాడు. "మునగాకుతో బంగారం కరిగితే కంసాలులంతా మునగ తోటలు వేసుకునేవాళ్ళు. నాన్న ఏమనేవాడో చెప్పనా? ఇది దాచినంత కాలమే ఉంటుంది. ఆ మనిషి తన నోటితో 'నాకుంది' అని చెప్పిన రోజున దిగిపోతుంది. బంగారం ఎక్కడికీ పోదు, పని మానేస్తుంది. ముందు ఎవరి దగ్గర ఎక్కువ దాచిందో వాళ్ళకి చెప్పాలి. అందుకే పెట్టేటప్పుడు ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకునేవాడు."

"చెప్పేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, అందరిలాగే ఉంటుంది. అందరిలాగే ముసలిదవుతుంది. సుఖంగా చచ్చిపోతుంది కూడా. సూదులుంటే ప్రాణం తేలిగ్గా పోదంటారు కదా."

"మా మేళం పెద్దావిడ చావలేక మంచంలో ఎన్నాళ్ళు ఈడ్చుకుందో నేను చూశా" అంది పిన్ని. అన్నాక నాలుక కరుచుకుంది.

రిదువాన్ ఆ మాట విననట్టే చీపురుతో తొట్టి రుద్దుతూ, "మీ చుట్టాలావిడకి చెప్పు పిన్నీ, భయం లేదని" అన్నాడు.

మరుసటి రోజు సాయంత్రం మిస్దీ ఏమంటున్నాడో చెబుదామని పిన్ని ఇంటికి వెళ్ళాను. చిన్నాన్న అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిన్ని మా ఇద్దరికీ కాఫీ పెట్టింది. వెళ్ళిపోదామని లేస్తే, "కూర్చో. నువ్వూ విను. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు" అంది.

చిన్నాన్న వైపు తిరగలేదు. వాకిట్లో కోళ్ళని చూస్తూ చెప్పింది.

"నాకు సూదులున్నాయి. ఇక్కడ. పదిహేడో ఏట మేళంలో చేరినప్పుడు పెద్దావిడ తీసుకెళ్ళి పెట్టించింది. నీకు చెప్పలేదు."

చిన్నాన్నకి దగ్గు వచ్చి ఆగింది. "ఎన్ని?"

"మూడు."

"బంగారమేనా?"

"బంగారమే."

"ఇన్నేళ్ళూ ఇంట్లో పిసరంత బంగారం లేదని దిగులు పడ్డాం కదే!"

నాకు నవ్వొచ్చింది. పిన్నికి రాలేదు. చిన్నాన్న మొహంలోనూ మెల్లగా నవ్వు పోయింది. కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఆ రోజు కళ్ళంలో నువ్వు పాడుతుంటే నేను తెల్లారేదాకా కూర్చున్నానే. అది నీ పాటకి కాదా?"

"అదే నాకూ తెలీదు" అంది పిన్ని. "నాకెప్పటికీ తెలీదు. నువ్వొక్కడివే కాదు. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు, మేళంలో చప్పట్లు కొట్టినవాళ్ళు, ఎవర్ని చూసినా అదే అనుమానం. ఈ పచ్చడి నేను బాగా నూరానా, ఆ ముక్కలు నూరాయా అని."

చిన్నాన్న లేచి గోడ పట్టుకుని మేకల పాక దాకా వెళ్ళాడు. గడ్డి వేశాడు. అది పొద్దున్నే వేసి ఉంది, దాని మీదే వేశాడు. పిన్ని కాఫీ గ్లాసులు తీయకుండా అలాగే కూర్చుంది. పుస్తకాల్లో ఇలాంటి చోట మనుషులు పెద్ద మాటలు మాట్లాడతారు. నేనైతే ఎక్కడ చూడాలో తెలియక నా చెప్పులు చూసుకున్నాను.

తిరిగొచ్చి కూర్చుని ఊపిరి తీసుకున్నాక చిన్నాన్న అన్నాడు. "ఎందుకు వచ్చానో నాకిప్పుడు గుర్తులేదు. పాట కావచ్చు, సూది కావచ్చు. కానీ నీ చేతి మాడిన అన్నం ఇన్నేళ్ళు తినిపించేంత బలం ఏ బంగారానికీ ఉండదే."

"ఎప్పుడు మాడ్చాను?"

"మొన్న మాడ్చలేదూ? మునగ పులుసు చూసుకుంటూ."

"అది ఒక్కరోజు."

"ఒక్కరోజట! ఒరే, నువ్వు చెప్పరా, మీ పిన్ని అన్నం ఎన్నిసార్లు మాడుస్తుందో."

నేను ఏ పక్కా చేరలేదు. పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "రేపు వ్యాన్ ఎన్నింటికి?" అని అడిగింది.

రెండోసారి క్లినిక్‌లో ఆమె డాక్టరు గది తలుపు మూయనివ్వలేదు. మూస్తే మళ్ళీ దాచినట్టే అవుతుందనుకుందో ఏమో. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా వింటుండగా, మేళంలో చివరి వరసకి వినబడేలా పాడిన గొంతుతో చెప్పింది.

"రాసుకోండమ్మా. బంగారం సూదులు, మూడు. అందం కోసం, గొంతు కోసం పెట్టించుకున్నా. పెట్టినాయన చనిపోయాడు. నొప్పి లేదు, జబ్బు లేదు. ఎక్కడ సంతకం పెట్టాలి?"

రక్తం తీస్తున్న నర్సు కూడా తలెత్తి చూసింది. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "చూస్తే తెలియట్లేదూ" అన్నారు, ఇంకెవరో "ఏమో, నాకేం కనబడలేదు" అన్నారు. పిన్ని అటు తిరగలేదు. డాక్టరు విదారి చెప్పింది చెప్పినట్టు రాసుకుని, పక్కకి నిలబెట్టి ఇంకో ఫిల్ము తీయించింది. అందులో మూడు గీతలూ ఎముకకి ఇవతల, చర్మానికి ఆనుకుని, ఊపిరితిత్తికి దూరంగా కనబడ్డాయి.

బయట బల్ల మీద ఎదురు చూస్తుంటే తర్వియా వచ్చి పిన్ని పక్కన ఒదిగి కూర్చుంది. ఆ పిల్లకి మొన్నటి హుషారు లేదు. రక్తం పరీక్షలో ఏదో తేడా వచ్చిందని ఆమెనీ మళ్ళీ రమ్మన్నారు.

"అత్తా, నాకూ ఒకటుంది" అంది చెవిలో. "గడ్డంలో."

"ఎవరు పెట్టారే, ఈ రోజుల్లో కూడా?"

"మా ఆయన వేరే ఊళ్ళో పని చేస్తాడు కదా. నన్ను మర్చిపోకూడదని."

పిన్ని ఆమె గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "వాళ్ళు తీసేది ఛాతీ. గడ్డం దాకా రాదు. నీ రక్తంలో ఏదో తక్కువైందంటున్నారు, ఆకుకూరలు తిను. మునగాకు కూడా తిను, మంచిది."

"దిగిపోతుందేమో?"

"దిగదు. నేను తిని చూశా."

మధ్యాహ్నానికి ఫిట్ అన్న ముద్ర పడింది. పిన్ని ఆ కాగితం నాకే ఇచ్చి చదవమంది. రక్తం బాగుంది, పురుగులు లేవు, చర్మం మీద మచ్చలు లేవు. చివర్న సూదుల గురించి రెండు వాక్యాలు, ఆమె చెప్పిందీ డాక్టరు చూసిందీ. "సరిగ్గా రాసిందా?" అని అడిగింది. సరిగ్గానే రాసిందన్నాను. ఆ రోజు దారిలో ఆగి పుల్లకి గుచ్చిన కోడిమాంసం కొనిపెట్టమంది. వ్యాన్ పక్కన నిలబడి పుల్ల మీద నుంచే కొరుక్కు తింది. పుల్ల మీదైతే ఇంకా రుచిగా ఉందా అని అడిగితే, "అదే కోడి" అంది.

పుట్టినరోజుకి చాలా ముందే వెళ్ళిపోయింది. విమానాశ్రయానికి నేనే దింపాను. చిన్నాన్న రాలేకపోయాడు. అక్కడ దిగిన మూడు రోజుల్లో మళ్ళీ అన్నీ చూశారు. రక్తం, మలం, ఛాతీ. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కొన్ని నెలలకోసారి చూస్తూనే ఉంటారట. అక్కడ అన్‌ఫిట్ అంటే మళ్ళీ విమానం ఎక్కించేయడమే. మా దగ్గర పడిన ముద్రకి అక్కడ ఏ విలువా లేదు. ఫలితం వచ్చేదాకా చిన్నాన్న ఫోను చేతిలో పట్టుకునే తిరిగాడు, పాయిఖానాకి వెళ్ళినా సరే.

ఒక సాయంత్రం ఫోను మోగింది. అందరం వినేలా పెట్టాడు.

"వచ్చింది. బాగానే ఉందంట. ఉండనిచ్చారు."

"సూదులు చూశారా?" చిన్నాన్న అడిగాడు.

"చూడకుండా ఉంటారా? గౌను దులపమని చెప్పబోతుంటే నేనే ముందు ఇక్కడ వేలు పెట్టి చూపించా. దుభాషి పిల్ల మన వైపు పొనొరోగో ఊరి పిల్లే. వాళ్ళకి వివరంగా చెప్పింది. చెప్పి, అవి నిజంగా పనిచేస్తాయా అత్తా అని నన్నడుగుతోంది."

"ఏం చెప్పావ్?"

"ఏం చెబుతాను. పొద్దున ముసలాయనకి గంజి పట్టబోతే నా మొహం మీదే ఉమ్మేశాడు. ఇక నువ్వే చూసుకోమన్నా."

చిన్నాన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గేదాకా అటు పిన్ని మాట్లాడలేదు. తర్వాత, "పొద్దున ఉమ్మాడు గానీ, మధ్యాహ్నం ఉప్పు తగ్గించి పెడితే తాగాడు. గిన్నెడు తాగాడు" అంది. అవతల ఎవరో మూలిగిన చప్పుడు వినబడింది. "లేచాడు. పక్కకి తిప్పాలి. ఉంటా" అని పెట్టేసింది.